మా రోజుల్లో తేడా దొరికేదాకా కొట్టు కట్టేవాళ్లం కాదు

మొన్న చవితి పందిరి విప్పిన మర్నాడు సాయంత్రం నేను అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఉంటే, మా తమ్ముడి మనవడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. వాడి వెనక వాడి చెల్లెలు, ఆ వెనక కమిటీ కుర్రాళ్లు నలుగురు. చందాల రేకు పెట్టె ఒకడి చేతిలో ఉంది. నిమజ్జనానికి వెళ్లొచ్చిన కళ ఒక్కడి మొహంలోనూ లేదు. పరీక్ష తప్పినవాళ్లలా నిలబడ్డారు.

"తాతా, ఎక్సెల్ పాడైపోయింది. పెట్టెలో డబ్బు ఎక్కువుంది, లెక్కలో తక్కువుంది" అన్నాడు.

ఎక్సెల్ పాడైపోవడమేటిరా! మా రోజుల్లో చిట్టా పుస్తకం పాడైపోయిందని ఏ గుమాస్తా అయినా అనుంటే, పెద్దగుమాస్తా గారు చేతిలో కలం లాక్కుని ఇంటికి పొమ్మనేవారు. పుస్తకం ఎక్కడైనా తప్పుతుందా? రాసినవాడు తప్పుతాడు. మీకిప్పుడు ఒప్పయితే మీ తెలివి, తప్పయితే యంత్రం తప్పు. ఆ మాట వాడితో అన్నాను, నీతోనూ అంటున్నాను. ఇది చదువుతున్న నువ్వు కూడా వాడి ఈడువాడివే అయ్యుంటావు కదా.

మాది చోడవరం. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉన్న ఊరు. ఇక్కడ చవితి చందా లెక్కంటే ఊరికే పోయే లెక్క కాదు. నూటపదహారు ఇచ్చినవాడు కూడా గోడకి అంటించిన కాగితంలో తన పేరు వెతుక్కుంటాడు. పేరు లేకపోతే ఏడాది పొడుగునా ఆ మాట మోయాలి. మా చిన్నప్పుడు వీధి లెక్కకి ఒక బారుపుస్తకం, ఒక సిరాబుడ్డి, ఒక పెద్దమనిషి. అంతే. ఇంటింటికీ తిరిగేవారు, గుమ్మంలో నిలబడి రాసేవారు, ఇచ్చినాయన ఎదురుగానే చదివి వినిపించేవారు. ఆ చదివి వినిపించడంలోనే సగం తప్పులు రాలిపోయేవి. ఇప్పుడు ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూసి ఎవడో ఇంట్లో కూర్చుని కొడతాడు. ఎవరికీ వినిపించడు.

సరే, ముందు యంత్రం మూసెయ్యమన్నాను. మూసేస్తే ఎలా తాతా అన్నాడు. ఎన్నిళ్లురా అంటే 64 అన్నాడు. వెయ్యినూటపదహార్లు ఇచ్చినవాళ్లు ఎందరంటే ఓ ఇరవై మంది అన్నాడు. ఐదువందల పదహార్లవాళ్లు ఓ ముప్పై మంది, మిగతావాళ్లు నూటపదహార్లు. నేను వేళ్ల మీదే లెక్క వేశాను. ఇరవై మంది 1,100 చొప్పున 22,000. ముప్పై మంది 500 చొప్పున 15,000. మిగతా పద్నాలుగిళ్లూ 1,400. అక్కడికి 38,400. పైన వదిలేసిన పదహార్లు 64 ఇళ్లకి మరో వెయ్యి. ఎవరో కొందరు తగ్గించి ఇచ్చినా ముప్పై ఎనిమిది వేల పైమాటే. "ఇప్పుడు చెప్పు, నీ యంత్రం ఎంతంటోంది?" అన్నాను. 35,775 అన్నాడు. పెట్టెలో ఎంతుందంటే 38,742.

ఇదిరా పోయింది మీకు. కూడిక యంత్రం చేస్తే చెయ్యనీ, నాకేం బాధ లేదు. నిజం చెప్పాలంటే 64 అంకెలు చేత్తో కూడినప్పుడు మాకు పైనుంచి కిందకి ఒక మొత్తం, కింద నుంచి పైకి ఇంకో మొత్తం వచ్చిన రోజులు ఉన్నాయి. కానీ జవాబు ఎంత ఉండాలో ముందే మనసులో ఒక అంచనా ఉండేది. ఆ అంచనా లేనివాడికి యంత్రం 35,775 అన్నా ఒకటే, 3,57,750 అన్నా ఒకటే.

తర్వాత తెరిచి చూపించాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. గళ్లు గళ్లుగా, పైన రంగు పూసి, ఇంటి నెంబరు, పేరు, చందా, అన్నసంతర్పణకి ఇచ్చింది, రెండూ కలిపి మొత్తం, నిరుడెంత ఇచ్చారు, వీధికి సగటు ఎంత అని అడ్డంగా గడులు. అసలు ఆ స్ప్రెడ్‌షీట్ అన్న పేరే మా గుమాస్తాలది. పెద్ద గీతల కాగితాన్ని బల్ల మీద పరుచుకుని అడ్డంగా నిలువుగా రాసుకునేవాళ్లు కనక ఆ పేరు వచ్చింది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు అమెరికా కుర్రాళ్లు ఆ కాగితాన్ని విజికాల్క్ అని కంప్యూటర్లోకి ఎక్కించారు. 1983లో లోటస్, 1985లో ఎక్సెల్. కాగితం పోయింది, గళ్లు మిగిలాయి.

ఆ షీట్‌లో ఒక్క తప్పూ లేదు. అంటే ఒక్క ఎర్రరూ కనపడటం లేదు. అక్కడక్కడ సున్నాలు మాత్రం ఉన్నాయి. నాకు అక్కడే అనుమానం వచ్చింది. చందా ఇచ్చినాయన పేరుకి ఎదురుగా మొత్తం సున్నా ఎందుకుంటుంది? అడిగితే చెల్లెలు చెప్పింది, బీకాం చదువుతోంది పిల్ల: "మొదట చాలా ఎర్రర్లు వచ్చాయి తాతా. అన్నయ్య వీడియో చూసి అన్నిటికీ ఇఫ్‌ఎర్రర్ పెట్టేశాడు. ఎర్రర్ వస్తే సున్నా చూపించమని."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే నిన్ను అనకాపల్లి తీసుకెళ్లాలి.

1972లో నేను అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టులో చిన్నగుమాస్తాగా చేరాను. చోడవరం నుంచి పొద్దున్న బస్సెక్కితే రాత్రి ఆఖరి బస్సుకి తిరిగి రావడం. బెల్లం సీజన్లో ఆ మార్కెట్ చూడాలి నువ్వు. తెల్లారేసరికి బళ్ల వరస, దిమ్మల గుట్టలు, కొలగార్ల కేకలు, ఆ తియ్యటి వాసనకి ముసిరిన ఈగలు. రైతు ఎన్ని దిమ్మలు దించాడో ముందు చిట్టాలో రాయాలి, సాయంత్రం దాన్ని రైతు ఖాతాలోకి ఎక్కించాలి, రాత్రి రెండిటి మొత్తాలూ సరిపోవాలి. సరిపోయేదాకా కొట్టు కట్టడం లేదు. ఆఖరి బస్సు పోతే పోనీ, కొట్టులోనే గోనెపట్టా పరుచుకుని పడుకోవడమే.

ఒక రాత్రి ఖాతాలో 27 దిమ్మలు తక్కువొచ్చాయి. రెండుసార్లు కూడాను, అదే తేడా. పెద్దగుమాస్తా గారు ఆ రోజు జ్వరంతో ముందే వెళ్లిపోయారు. బస్సు వేళయిపోతోంది, ఇంటి దగ్గర మా అమ్మకి ఒంట్లో బాగోలేదు. నేను ఖాతా అడుగున "తరుగు 27" అని రాసి, మొత్తాలు సమానం చేసి, పుస్తకం మూసి పరుగెత్తాను.

పొద్దున్నే ఆయన పుస్తకం తెరిచారు. ఆ మాట దగ్గర వేలు పెట్టి నా వైపు చూశారు. "బెల్లానికి బరువులో తరుగు ఉంటుందిరా. కారిపోతుంది, ఆరిపోతుంది. లెక్కలో తరుగు ఎక్కడిది? 27 దిమ్మలు కాళ్లొచ్చి నడిచిపోయాయా?" అన్నారు. కేకలెయ్యలేదు, కాగితం తీశారు. 27ని తొమ్మిదితో భాగించారు, మూడు వచ్చింది. "తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోయిందంటే ఎక్కడో అంకెలు తారుమారు చేశావు. భాగిస్తే మూడొచ్చింది కనక, మూడు తేడా ఉన్న జంట అంకెలు వెతుకు. 41, 52, 63, 74, 85, 96. వాటి తిరగేసినవి" అన్నారు. పది నిమిషాల్లో దొరికింది. వడ్డాది వైపు నుంచి వచ్చిన ఒక రైతు 85 దిమ్మలు దించితే ఖాతాలో 58 అని ఎక్కించాను. ఆ మనిషికి చదువు రాదు. సంక్రాంతికి లెక్క చూసుకుంటానని మమ్మల్ని నమ్మి వెళ్లిపోయాడు. నేను రాసిన ఆ ఒక్క తరుగు మాట అలాగే ఉండిపోయుంటే, ఒక కుటుంబం గానుగాడి, పెనం ముందు పొగలో నిలబడి వండుకున్న 27 దిమ్మల బెల్లం నా బస్సు కోసం గాలిలో కలిసిపోయేది.

యాభై ఏళ్లు దాటింది. ఆ మనిషి తలపాగా నాకింకా గుర్తుంది.

అందుకేరా, ఇఫ్‌ఎర్రర్ పెట్టి సున్నా చేశాడనగానే నాకు ఆ తరుగు గుర్తొచ్చింది. 2007 ఎక్సెల్‌లో వచ్చిందట ఆ ఫార్ములా. దానికీ ఒక చోటు ఉంది, కాదనను. పేరు దొరక్కపోతే "కొత్త ఇల్లు" అని చూపించమనడానికి వాడుకోవచ్చు. తప్పేమిటో తెలుసుకున్నాక వాడాలి గాని తెలియక ముందే వాడితే అది పసిబిడ్డ ఏడుస్తుంటే ఎందుకేడుస్తోందో చూడకుండా నోట్లో గుడ్డ కుక్కడమే. "ముందు ఆ గుడ్డలన్నీ తియ్యి" అన్నాను. పిల్ల తీసింది. ఒక్కసారిగా షీట్ నిండా కార్తీక దీపాల్లా ఎర్రర్లు వెలిగాయి. కుర్రాళ్లు బెంబేలెత్తిపోయారు. నాకు మాత్రం మనసు కుదుటపడింది.

ఒక్కొక్కటే చూశాం. మొదటిది ఉత్త కంగారు. ఒక గడిలో వరసగా గళ్లగుర్తులు, #####. అది ఎర్రరే కాదు. గడి ఇరుకైపోయి అంకె పట్టలేదంతే. గీత పట్టుకుని పక్కకి లాగితే అంకె బయటికొస్తుంది. తేదీలు తీసివేస్తే రుణం వచ్చినా అలాగే చూపిస్తుందనుకో, అది వేరే సంగతి. ఇంత చిన్న దానికి అరగంట వీడియో చూశాడట మనవడు.

తర్వాత #నేమ్?. సగటు కట్టడానికి ఏవరేజ్ అన్న మాట స్పెల్లింగులో ఒక అక్షరం మింగేశాడు. నువ్వు అన్న పేరుతో నాకెవరూ తెలియదు బాబూ అంటోంది యంత్రం. నిజాయితీగా అడిగిన ప్రశ్న. మా రోజుల్లో పిల్లలకి స్పెల్లింగు తప్పితే గోడకుర్చీ వేయించేవారు, ఇప్పుడు స్పెల్లింగులన్నీ ఫోనే దిద్దుతుంది కనక పిల్లలకి అక్షరం మీద భయం పోయింది.

#డివ్/0! వచ్చింది కొత్త లేఅవుట్ వరసలో. అక్కడ ఇంకా ఇళ్లు లేవు, వీళ్లు చందాకీ వెళ్లలేదు. వసూలుని ఇళ్ల సంఖ్యతో భాగించమంటే సున్నాతో భాగించాల్సి వచ్చింది. ఇది చిన్న తగాదా కాదు సుమా, మన పెద్దవాళ్లు శతాబ్దాల పాటు దీని దగ్గర ఆగిపోయారు. సున్నాని సున్నాతో భాగిస్తే సున్నాయే అన్నాడు బ్రహ్మగుప్తుడు. సంఖ్యని సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య చెక్కుచెదరదన్నాడు మహావీరాచార్యుడు, తొమ్మిదో శతాబ్దిలో. ఆయన గణితసార సంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తర్వాత భాస్కరాచార్యుడు దానికి ఖహరమని పేరు పెట్టి అనంతమన్నాడు. అంతమంది అన్ని రకాలుగా చెప్పిన చోట, ఇది నావల్ల కాదు అని ఒప్పుకుంది చూడు యంత్రం, ఆ ఒక్క విషయంలో దానికి దండం పెట్టాలి. ఇంటింటి సగటు అడిగే ముందు ఇల్లుందా లేదా చూసుకోమంటోంది. చూసుకోవాల్సింది నువ్వు.

#రెఫ్! సంగతి వింటే మీ తాతలకైతే ఇట్టే అర్థమవుతుంది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు కరణాల వ్యవస్థ రద్దు చేసింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఏ కాగితం పట్టుకెళ్లినా "కరణం గారి సంతకం ఏదీ" అని అలవాటుగా అడిగేవాళ్లు ఉండేవారు. కరణమే లేకపోతే సంతకం ఎక్కణ్ణుంచి తెస్తాం? మేం చూస్తుండగానే వీడు చోటు చాలడం లేదని నిరుటి చందాల గడి మొత్తం ఎత్తేశాడు. ఆ గడిని చూసి లెక్క కట్టే ఫార్ములా మాత్రం అలాగే ఉంది. లేని కరణాన్ని సంతకం అడిగినట్టు, లేని గడిని అంకె అడుగుతోంది. వెంటనే వెనక్కి తీసుకునే బటన్ నొక్కితే గడి తిరిగొచ్చింది. అది మాకు లేని సుఖమే, ఒప్పుకుంటాను. కానీ మేము తప్పు అంకె మీద ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పక్కన పొడి సంతకం పెట్టేవాళ్లం. పాత అంకె కూడా కనపడాలి. గీకెయ్యడం, పేజీ చింపడం మహాపాపం. మీ షీట్‌లో అంకె మీద అంకె కొట్టేస్తే పాతది ఏమైందో, మార్చింది ఎవడో పైకి కనపడదు.

#ఎన్/ఏ దగ్గర చాలాసేపు పట్టింది. పేరు చూసి నిరుటి పట్టీలోంచి అంకె తెచ్చుకోవడానికి వీలుకప్ పెట్టారు. నిరుడు అప్పలరాజు పేరు ఇంగ్లీషులో కొట్టినవాడు రెండు పీలు పెట్టాడు, ఈసారి కొట్టినవాడు ఒకటే పెట్టాడు. ఇంకొకడు పేరు చివర ఒక ఖాళీ వదిలాడు. మన కంటికి కనపడదు గాని యంత్రానికి అది కూడా ఒక అక్షరమే. దొరకలేదు మహాప్రభో అంటోంది. ట్రిమ్ అని ఒకటుందట, పేరు ముందూ వెనకా ఉన్న ఖాళీలు కత్తిరిస్తుంది. తెలుగు పేరు తెలుగులో రాసుకునుంటే ఈ పీల గొడవ లేదు కదరా అన్నాను. ఎవరూ పలకలేదు.

ఇక్కడే నా కంట ఇంకోటి పడింది, అది ఎర్రర్ చూపించనిది. మా వీధిలో అప్పలనాయుళ్లు ఇద్దరు. ఇద్దరికీ నిరుటి చందా 1,116 అనే వచ్చింది. వీలుకప్‌కి ఆ పేరుతో మొదట ఎవడు కనపడితే వాడే వాడు. రెండోవాడి దాకా పోదు. మా ఖాతాల్లో ఉత్త పేరు రాయడమన్నది లేదు. అప్పలనాయుడు, తండ్రి రామునాయుడు, వెంకన్నపాలెం. ఊరూ తండ్రి పేరూ లేని ఖాతా తెరవనిచ్చేవారు కాదు. పైగా ఆ ఫార్ములా చివర "కచ్చితంగా అదే పేరు" అని చెప్పే మాట పెట్టకపోతే, దగ్గర దగ్గరగా ఉన్నదేదో తెచ్చి పెట్టేస్తుందట. పట్టీ వరసలో లేకపోతే ఎవరి అంకె ఎవరికి తెస్తుందో దాని ఇష్టం.

#నమ్!, #నల్! అని ఇంకా ఉన్నాయి. రుణసంఖ్యకి వర్గమూలం అడిగితే మొదటిది, రెండు గడుల మధ్య కామా బదులు ఖాళీ వదిలితే రెండోది. చవితి లెక్కలో వాటి అవసరం పడలేదు. కొత్త ఎక్సెల్‌లో #స్పిల్! అని కూడా వస్తుందట, జవాబు పది గడులకి పొంగాల్సి ఉంటే మధ్యలో ఏదో అడ్డం ఉందని. పెనం మీద పాకం పొంగితే మేమూ అలాగే అరిచేవాళ్లం.

అసలు సంగతి #వేల్యూ! దగ్గర బయటపడింది. చందా, అన్నసంతర్పణ కూడమంటే రెండు వరసల్లో ఆ కేక. చూస్తే ఒక గడిలో 516 పక్కన గీతా అడ్డగీతా, మనం రసీదుల మీద పెడతాం చూడు, 516/- అని, అలా కొట్టారు. ఇంకో దాంట్లో 1116/-. మనకది డబ్బే, దానికది మాట. మాటనీ అంకెనీ ఎలా కూడమంటావు అని అడుగుతోంది. మొదట వీడు ఆ కేక ఆపడానికి ప్లస్ తీసేసి సమ్ పెట్టి చూశాడట. కేక ఆగిపోయింది. ఎందుకాగిందో తెలుసా? సమ్‌కి మాట కనపడితే నోరెత్తకుండా పక్కకి నెట్టేసి మిగతావి కూడుకుంటుంది. ప్లస్ అయినా తగువు పెట్టుకుంటుంది గాని సమ్ అలా కాదు, కలుపుగోలుగా ఉంటూనే డబ్బు వదిలేస్తుంది. తర్వాత మళ్లీ ప్లస్సే పెట్టి దాని మీద ఇఫ్‌ఎర్రర్ గుడ్డ కప్పాడు. ఎలా చేసినా ఆ రెండిళ్ల 1,632 రూపాయలు లెక్కలోకి రాలేదు.

ఒక్క గుర్తు చెప్తాను, ఇది నాకు ఆ పిల్ల చెప్పింది. నువ్వేమీ మార్చకపోతే అంకె గడిలో కుడివైపుకి జరిగి కూర్చుంటుంది, మాట ఎడమవైపుకి. కూడాల్సిన గడుల్లో ఏదైనా ఎడమకి ఒత్తిగిలి పడుకునుంటే అది అంకె కాదు, అంకె వేషం. సున్నా బదులు ఓ అక్షరం కొట్టినా అంతే. మేము చిట్టాలో ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలువుగా రాసేవాళ్లం కదా, పక్కకి తప్పిన అంకె దూరం నుంచే కనపడేది. ఇదీ అలాంటిదే. ఇంత మంచి గుర్తు ఉండగా అందం కోసమని అన్నిటినీ మధ్యలోకి జరిపేస్తున్నారు మీరు.

ఆ రెండూ సరిచేస్తే మొత్తం 37,407 అయింది. కేకలన్నీ ఆగాయి. ఇంకా పెట్టెలో ఉన్నదానికి 1,335 తక్కువ. కుర్రాళ్లు ఇంక చాలు తాతా, ఎర్రర్లు లేవుగా అన్నారు. ఇంకా చాలదురా, ఇప్పుడే మొదలు. అరిచేవాడితో భయం లేదు. మూల కూర్చుని తప్పుడు అంకె చెప్పి, ఒప్పు మొహం పెట్టేవాడితోనే ఉంది.

మొత్తం కట్టిన గడి మీద నొక్కమన్నాను. రెండో వరస నుంచి అరవయ్యో వరస దాకా కూడమని ఉంది. పేర్లు అరవై ఐదో వరస దాకా ఉన్నాయి. ఆఖర్న వచ్చిన ఐదిళ్లని పట్టీ కింద రాశారు గాని ఫార్ములాకి చెప్పలేదు. ఐదిళ్లూ కలిపి 1,380. ఐదిళ్లే కదా అనుకోకు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పెద్ద ఆర్థికవేత్తలు, దేశాల అప్పు ఎక్కువైతే ఎదుగుదల ఏమవుతుందో లెక్క కట్టారు. ప్రభుత్వాలు ఆ లెక్కని పట్టుకుని ఖర్చులు తగ్గించాలని వాదించాయి. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల ఎక్సెల్ షీట్ అడిగి తీసుకుని చూస్తే, సగటు కట్టిన ఫార్ములా ఇరవై దేశాల్లో ఐదింటిని వదిలేసి ఆగిపోయింది. ఇంకా వేరే తేడాలూ దొరికాయి. అన్నీ సరిచేస్తే అప్పు బాగా ఎక్కువున్న దేశాల ఎదుగుదల మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతమని తేలింది. అంత పెద్దవాళ్ల షీట్ కూడా ఒక్క ఎర్రరూ చూపించలేదు. అడిగి చూసింది ఒక విద్యార్థి, మీ ఈడు కుర్రాడు. అందుకే మీ మీద నాకింకా ఆశ ఉంది.

ఇంగ్లండులో 2020లో ఇంకా ఘోరం. కరోనా వచ్చినవాళ్ల పేర్లు పాత రకం ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించారు. దానిలో 65,536 వరసలే పడతాయి. ఆ పైన వచ్చిన పేర్లు చప్పుడు లేకుండా జారిపోయాయి, దాదాపు 16,000 మంది. మా చిట్టా పుస్తకంలో పేజీలు అయిపోతే, అయిపోయాయని చేతికే తెలిసేది. రెండో పుస్తకం కుట్టించుకునేవాళ్లం.

ఐదిళ్లూ కలిపాం. 38,787 వచ్చింది. ఇప్పుడు లెక్క 45 రూపాయలు ఎక్కువ. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు జేబులోంచి పర్సు తీయబోయి, తక్కువైంది నేనేస్తాను, ఇంటికి పోదాం అన్నాడు. వాడి మొహంలో నాకు ఆ రాత్రి బస్సు కోసం పరుగెత్తిన నేనే కనపడ్డాను. పర్సు లోపల పెట్టించాను. "45ని తొమ్మిదితో భాగించు" అన్నాను. ఐదు. "పక్కపక్కన ఉండి, ఐదు తేడా ఉన్న అంకెలు వెతకండి. చందాల్లో అలాంటివి ఏవుంటాయి?" పిల్ల ఒక్క క్షణం ఆలోచించి "ఒకటీ ఆరూ తాతా! 516లో ఉన్నాయి. 561 అని కొట్టుంటారు" అంది. వెతికితే 43వ వరసలో ఉంది, 561. ఎవడైనా వినాయకుడికి 561 చందా ఇస్తాడురా? చదివి వినిపించి ఉంటే ఇచ్చినాయనే దిద్దేవాడు. దిద్దితే 38,742. పెట్టెలో ఉన్నది పైసల్తో సహా అదే.

ఆ కుర్రాళ్లు ఎగిరి గంతేశారు. నాకు కళ్లు చెమర్చాయి, పెద్దగుమాస్తా గారు గుర్తొచ్చి. ఆయన ఆ పొద్దున్న చెప్పిన తొమ్మిదో ఎక్కం లక్ష కాదు, పది లక్షల పైన వరసలు పట్టే ఎక్సెల్‌లో కూడా పనికొచ్చింది.

లేచే ముందు ఇళ్ల నెంబర్ల వైపు చూశాను. 4-12 అని ఉండాల్సిన ఇల్లు డిసెంబరు 4 అయి కూర్చుంది. గీత పెట్టి రెండు అంకెలు కొడితే చాలు, దానికి తేదీ పిచ్చి. మన ఇళ్లేమిటి, శాస్త్రవేత్తల జన్యువుల పేర్లనే అలా మార్చేసిందట. మార్చ్1 అని పేరున్న జన్యువు మార్చి ఒకటో తారీఖు అయిపోతుంటే, విసుగెత్తి 2020లో ఆ జన్యువులకే పేర్లు మార్చుకున్నారు. అప్పుడు యంత్రం మారలేదు, మనుషులే మారారు. అంత తేదీ పిచ్చి ఉన్నదానికి తేదీలైనా సరిగ్గా వచ్చా అంటే, 1900లో ఫిబ్రవరి 29 ఉందంటుంది ఇప్పటికీ. ఆ ఏడాది లీపు సంవత్సరం కాదు. లోటస్‌లో ఉన్న తప్పుని ఎక్సెల్ తెలిసే తెచ్చుకుంది, పాత షీట్లు చెడకూడదని. లేని రోజుని పంచాంగంలో రాసిన సిద్ధాంతి గారిని నేను చూడలేదు. ఇంటి నెంబర్లు, బ్యాంకు ఖాతా నెంబర్లు కొట్టే ముందు ఆ గడులకి ఇవి మాటలని చెప్పిపెట్టుకోవాలి, లేకపోతే ముందర ఒక సింగిల్ కొటేషన్ గుర్తు పెట్టాలి. 16 అంకెల ఖాతా నెంబరు ఊరికే కొడితే పదిహేను అంకెలే ఉంచుకుని ఆఖరిది సున్నా చేస్తుంది. మొదట్లో సున్నా ఉంటే ఎగరగొట్టేస్తుంది. డబ్బు వెళ్లాల్సినవాడికి వెళ్లదు. ఎర్రర్ అనే మాటే రాదు.

రాత్రి తొమ్మిదయింది. లెక్క ప్రింటు తీసి పందిరి వేసిన చోట గోడకి అంటించారు, 64 పేర్లతో. మర్నాడు పొద్దున్న వాకింగ్‌కి వెళ్తూ చూశాను. ఇద్దరు అప్పలనాయుళ్లకీ తండ్రి పేర్లు ఉన్నాయి.

ఇది చదివిన నీ షీట్‌లో రేపు ఎర్రర్ వస్తే దాని మీద సున్నా కప్పకు. అలాగే ఉంచి, అది ఏమడుగుతోందో చూడు. అర్థం కాకపోతే పట్టుకురా. సాయంత్రం ఐదు తర్వాత నేను అరుగు మీదే ఉంటాను.